పిక్కల షెడ్డులో శుక్రవారం

మూడు విషయాల గురించి నీలకంఠం మాస్టారు మాట్లాడరు. మెడ మీది మచ్చ ఒకటి. తాను ఆఖరిగా పాఠం చెప్పిన కళాశాల ఒకటి. మంగ అనే పిల్ల ఒకటి. ఎవరైనా మాట అటు తిప్పితే ఆయన కండువా సర్దుకుని, లేచి, లోపలికి వెళ్ళిపోతారు. అందుచేత ఈ కథలో కొంత కాపలాదారు బైరాగి చెప్పినది. కొంత ఆ సాయంత్రం టెక్కలి బస్సెక్కిన విద్యార్థులు చెప్పినది. మిగిలినది, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న ఒక రాత్రి, మాస్టారే తన చెల్లెలు ప్రమోదినితో చెప్పినది. మళ్ళీ చెప్పలేదు.

పలాసలో రైలు పట్టాలకు అవతల మూతబడిన జీడి ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని వెనక పొడవాటి రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో యాభై మంది ఆడవాళ్ళు వరసగా పీటల మీద కూర్చుని, చేతులకు బూడిద రాసుకుని, కాల్చిన జీడి పిక్కల్ని చెక్క సుత్తులతో కొట్టేవారు. ఫ్యాక్టరీ మూసి పన్నెండేళ్ళయింది. కొట్టుడు మాత్రం ఆగలేదని ఆ చుట్టుపక్కల వాళ్ళంటారు. చీకటి పడ్డాక అటు నడిచేవాళ్ళకు వినపడుతుందట — టక్... టక్... టక్...

యాభై మంది కొట్టే చప్పుడు కాదది. ఒక్క మనిషిది.

ఆ మనిషి పేరు కాంతమ్మ. పప్పు దొంగిలించి చీర కుచ్చెళ్ళలో దాచిందని మేస్త్రీ ఆమెను అందరి ఎదుటా లేవదీశాడు. ఆమె సుత్తి లాక్కుని, ఆమె రెండు చేతులూ బండ మీద పెట్టించి చితక్కొట్టాడు. “నాను తియ్యనేదు” అని ఆమె అన్నకొద్దీ కొట్టాడు. చివరి దెబ్బ తల మీద పడింది. యాభై మందీ చూశారు. జారిపడి చచ్చిపోయిందని పోలీసులకు మేస్త్రీ చెబితే, కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

నెల తిరక్కముందే మేస్త్రీ అదే షెడ్డులో శవమై కనిపించాడు. నాలుక బయటికి వచ్చి ఉంది. మెడ చుట్టూ చర్మం పొక్కి, ఊడి, వేలాడుతోంది. జీడి నూనె పడ్డ ఒళ్ళు అలాగే ఉంటుంది. పిక్క తొక్కలోంచి కారే ఆ నల్లటి నూనె సంగతి పలాసలో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. తగిలినప్పుడు ఏమీ అనిపించదు. తర్వాత పొక్కుతుంది, కాలిన గాయంలాగే.

ఆ షెడ్డునే ఒక కళాశాల చిత్రకళ తరగతికి తీసుకుంది. ఎత్తైన కప్పు, ఉత్తరం నుంచి వెలుతురు కావాలని మాస్టారే పట్టుబట్టారు. విశాఖలో ముప్పై ఏళ్ళు బోధించిన మనిషి. ఆయన మాట ఎవరూ కాదనలేదు.

ఆయన పద్ధతి కఠినం. వారమంతా బొమ్మ వేయాలి. శుక్రవారం సాయంత్రం విమర్శ. మొదట ఒకరు, ఆయన ఇచ్చిన పుస్తకంలో ఒక పేజీ పైకి చదువుతారు. తర్వాత ఒకరి బొమ్మను గోడకు తగిలిస్తారు. బొమ్మ వేసినవారు చేతులు వెనక్కి కట్టుకుని, అందరికీ వీపు పెట్టి, తమ బొమ్మకేసి చూస్తూ నిలబడాలి. ఎవరు ఏమన్నా బదులు పలకకూడదు. చివర మాస్టారు మాట్లాడతారు. అదంతా అయ్యాక, బొమ్మ వేసినవారు తాము రాసుకొచ్చిన ఒక పేజీ చదవాలి. అంతసేపు నోరు కట్టుకున్నందుకు దక్కే ప్రతిఫలం ఆ పేజీ. దాన్ని ఎవరూ ఆపకూడదు. ఈ నియమాలన్నీ ఆయన పెట్టినవే.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. బొమ్మలో అబద్ధముందని తోస్తే కాన్వాసు కోసే కత్తితో దాన్ని అడ్డంగా చీల్చేవారు. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, మానేసినవాళ్ళు మానేశారు. మిగిలినవాళ్ళకు చెయ్యి కుదిరిందని ఆయన నమ్మకం.

తాళంచెవి ఇస్తూ బైరాగి ఒక్క మాట చెప్పాడు.

“బొమ్మలే గదా, ఏసుకోండి మాస్టారూ. గాని ఈ షెడ్డుల ఎవులి మీదా సెయ్యి ఎత్తకండి.”

“ఎత్తితే?”

“మేస్త్రీ ఎత్తినాడు.”

“నేను చెయ్యెత్తే మనిషిని కాను, బైరాగీ.”

“సరే బాబూ,” అన్నాడు బైరాగి, మాస్టారు అప్పుడే గోడకు తగిలించిన కత్తికేసి చూస్తూ. “మరి అదేటి, కూరగాయలకా?”

మాస్టారు తాళంచెవి జేబులో వేసుకున్నారు.

ఆ శుక్రవారం వంతు మంగది. బారువ నుంచి వచ్చి కాశీబుగ్గలో పిక్కలు కొట్టుకుంటున్న నీలమ్మ కూతురు. చివరి సంవత్సరం. ఈ విమర్శలో మార్కు వస్తేనే పరీక్షకు పేరు వెళుతుంది. వెళితే, వాళ్ళింట్లో డిగ్రీ చేతికొచ్చే మొదటి మనిషి అవుతుంది. ఆ సంగతి మాస్టారికి తెలుసు.

తరుణ్ పేజీ చదివాడు. మనిషి చేతి నిర్మాణం గురించి. ఇరవయ్యేడు ఎముకలు, వాటి పేర్లు, కొలతలు. తర్వాత మంగ తన బొమ్మ తగిలించి, వీపు తిప్పి నిలబడింది.

బొమ్మలో ముఖం లేదు. ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతులు మాత్రమే. నల్లగా, లావుగా... బొటనవేలు కురచగా అణిగిపోయి, చూపుడువేలు రెండో కణుపు దగ్గర పక్కకు విరిగి, చిటికెనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి.

“ఇవి సేతులా, పెండలం దుంపలా?” అన్నాడు తరుణ్.

“నువ్వు కిందటి వారం ఏసిన ఆవుకి అయిదు కాళ్ళు. నువ్వు ఊరుకో,” అంది భవ్యశ్రీ.

“అందులో ఒకటి తోకే.”

“తోకకి గిట్ట ఎందుకురా మరి?”

నవ్వులు సద్దుమణిగాక భవ్యశ్రీ గొంతు తగ్గించింది. “నాకైతే బెరుగ్గా ఉంది మాస్టారూ. అటు సూత్తంటే... ఆ సేతి ఏళ్ళు ముడుసుకుంటన్నట్టు ఉంది.”

మాస్టారు లేచారు. “చేతికి ఎముకలెన్ని?”

“ఇరవయ్యేడు,” అన్నాడు తరుణ్.

“ఈ చేతిలో పది కూడా లేవు. చూసి వేసిన చెయ్యి కాదిది. చూడకుండా వేసింది అబద్ధం.” గోడ మీది కత్తి తీసుకున్నారు. “బస్సు వేళయింది. మీరు వెళ్ళండి.”

మంగ ఇటు తిరగలేదు. “నా పేజీ ఉన్నాది మాస్టారూ,” అంది గోడతోనే.

“అబద్ధానికి పేజీ లేదు.”

పుస్తకాలు సర్దుకుని మిగతావాళ్ళు బయటపడ్డారు. తలుపు దగ్గర భవ్యశ్రీ ఒకసారి ఆగిందట. తరుణ్ చెయ్యి పట్టి లాగాడట. ఏడున్నర దాటింది. బయట చీకటి.

కత్తి కాన్వాసులో దిగింది. ఒక గీత. రెండో గీత. మూడోది వేయబోతుండగా మంగ మధ్యలోకి వచ్చి, చిరిగిన బొమ్మను రెండు చేతులా గుండెకు హత్తుకుంది.

“అవి ఇరగ్గొట్టిన సేతులు మాస్టారూ. అందుకే అలగున్నాయి. పేజీల రాసినాను. సదవనీండి.”

“తప్పుకో.”

“సదివినాక సింపీండి. సదవనీండి.”

ముప్పై ఏళ్ళలో ఏ విద్యార్థీ ఆయనకు అడ్డు నిలబడలేదు. చెంప మీద కొట్టారు. పిల్ల తల గోడకు తగిలిన చప్పుడు షెడ్డంతా మోగింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి జారింది. అయినా బొమ్మ వదలలేదు.

ఆయన మళ్ళీ చెయ్యెత్తారు. కత్తి ఉన్న చెయ్యి అది. ఆ సంగతి తనకప్పుడు తెలియదని ప్రమోదినితో అన్నారు.

దీపాలు ఆరిపోయాయి.

ఒక్క క్షణం నిశ్శబ్దం... తర్వాత షెడ్డు అవతలి మూల నుంచి —

టక్.

ఆ మూలలో విరిగిన పీటలు తప్ప ఏమీ లేవు.

టక్... టక్...

చప్పుడు దగ్గరకు వస్తోంది. ఒక పీట నుంచి తర్వాతి పీటకు, వరసలో కూర్చున్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినే దాటుకుంటూ వస్తున్నట్టు. మంగ సెల్‌ఫోను లైటు వేసింది. ఆ వెలుతురులో ఆయనకు ఆ పిల్ల స్పష్టంగా కనిపించింది. నాలుగు అడుగుల దూరంలో, ఎదురుగా. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో చిరిగిన బొమ్మ. ఆమె కళ్ళు మాత్రం ఆయన్ని చూడటం లేదు. ఆయన భుజం వెనక్కి చూస్తున్నాయి.

చప్పుడు ఆగింది.

వెనక నుంచి ఒక చెయ్యి ఆయన మెడ పట్టుకుంది.

తడిగా ఉంది. జిడ్డుగా ఉంది. కాలిన పిక్కల వాసన. వేళ్ళు బిగిశాయి. కత్తి జారి నేల మీద పడింది. ఆయన రెండు చేతులతో ఆ వేళ్ళను పీకబోయారు... చేతికి ఏమీ తగల్లేదు. తన మెడే తగిలింది. కాళ్ళు నేలను వదిలాయి. నాలుక బయటికొచ్చింది. ఎదురుగా ఉన్న లైటు ఎర్రబడింది, తర్వాత చిన్నదైంది.

ఆ పిల్ల పారిపోవచ్చు. తలుపు తెరిచే ఉంది.

మంగ ఫోను పళ్ళ మధ్య కరిచిపట్టి, జాకెట్టులోంచి మడత కాగితం తీసి విప్పింది. తర్వాత ఫోను చేతిలోకి తీసుకుని, నెత్తురు మింగుతూ, చదివింది.

“కాంతమ్మ దొంగ కాదు. ఆమె కుచ్చెళ్ళలో పప్పు లేదు. పక్క పీట మీద కూర్చున్న మా అమ్మ నీలమ్మ చూసింది. మేస్త్రీ కొట్టి చంపాడు. భయపడి మా అమ్మ చెప్పలేదు. యాభై మందిలో ఎవరూ చెప్పలేదు. విరిగిన ఆ చేతులు ఎలా ఉన్నాయో మా అమ్మ చెబుతుంటే నేను గీశాను. ఒక్కో వేలూ అడిగి గీశాను. ఇది కాంతమ్మ బొమ్మ.”

ఒక వేలు వదిలింది. తర్వాత ఇంకొకటి. చివరి మాటకు ఆయన నేల మీద పడ్డారు. షెడ్డు చివర ఏదో కూలబడినట్టు, ఎవరో చాలాకాలానికి పీట మీద చేరగిలబడినట్టు, చిన్న చప్పుడు. అంతే.

ఆయన చంకల కింద చేతులు వేసి వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది మంగే. బైరాగిని కేకేసిందీ మంగే.

మర్నాటికి మెడ చుట్టూ పొక్కింది. జీడి నూనె తగిలిందని డాక్టరు తేల్చాడు. కళాశాల విచారణ పెట్టింది. జరిగింది జరిగినట్టు మంగ చెప్పింది, చెంపదెబ్బతో సహా. ప్రిన్సిపాలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“కాంతమ్మ పట్టుకుందని ఫైల్లో రాయమంటావా అమ్మా? ఏ కాంతమ్మ? ఆవిడ అడ్రసేమిటి?”

కమిటీలో ఒకాయన నవ్వాడు. కమిటీ తేల్చింది ఇది: తల్లి పిక్కలు కొట్టే మనిషి కనుక జీడి నూనె ఇంట్లోనే దొరుకుతుంది. కోపంతో బొమ్మ రంగుల్లో కలిపింది. చింపబోయిన మాస్టారి చేతికి అంటి, అక్కడి నుంచి మెడకు అంటింది. పెదవి గాయం ఆయన్ని ఈడ్చేటప్పుడు తగిలింది. అంతా పొందిగ్గా కుదిరింది. అదంతా రాసి, మాస్టారి సంతకం కోసం ఆసుపత్రి మంచం మీదికే కాగితం పంపారు.

గొంతు నలిగి ఆయనకింకా మాట రావడం లేదు. కానీ చెయ్యి ఆడుతుంది. కాగితం పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ బొమ్మకు వాడిన రంగు ట్యూబులు తానే, తన చేత్తో, సీలు విప్పి ఇచ్చారు. వాటిలో జీడి నూనె లేదని ఆయనకు తెలుసు. కాదని రాస్తే, ఏది అవునో రాయాలి. చెయ్యెత్తిన సంగతి రాయాలి.

సంతకం చేశారు. మంగను కళాశాల నుంచి తీసివేశారు.

తొమ్మిదో రోజు కట్టు విప్పారు. నర్సు అద్దం పట్టుకుంది. ఎర్రటి మచ్చ, చేతి వేళ్ళ ఆకారంలో, తేటగా తేలి ఉంది. బొటనవేలు కురచ. చూపుడువేలు రెండో కణుపు దగ్గర పక్కకు విరిగి ఉంది. చిటికెనవేలు జాడే లేదు. అది లోపలికి ముడుచుకుపోయిన వేలు.

ఆయన అద్దం తీసెయ్యమని సైగ చేశారు. ఆ తర్వాత ఆయన ఎవరి బొమ్మా చింపలేదు. ఎవరికీ పాఠమూ చెప్పలేదు.

మరుసటి సంవత్సరం, పరీక్షలకు పేర్లు పంపే రోజుల్లో, కాశీబుగ్గ నుంచి ఒక ఉత్తరం వచ్చింది.

“మాస్టారికి నమస్కారం. మెడ నొప్పి తగ్గిందనుకుంటాను. మిమ్మల్ని పట్టుకున్నది ఎవరో రాయమని నేను అడగను. రాసినా ఎవరూ నమ్మరు. నా రంగుల్లో జీడి నూనె లేదు అని ఒక్క వాక్యం కళాశాలకు రాయండి. అది మీకు తెలిసిన విషయమే. రాస్తే ఈ ఏడైనా పరీక్షకు కూర్చోనిస్తామన్నారు. ఇరవయ్యో తారీఖు ఆఖరు. జవాబుకు కవరు లోపల పెట్టాను, అడ్రసు రాసి ఉంది.

బొమ్మలు మానలేదు. అమ్మతోపాటు ఇప్పుడు నేనూ పిక్కలు కొడుతున్నాను. చేతులు ఎలా మారతాయో రోజూ చూస్తున్నాను కాబట్టి, చూడకుండా వేశానని ఇక ఎవరూ అనలేరు. కాగితం మీద మరకలు పడ్డాయి. ఇవి నిజంగా జీడి నూనె మరకలే. ఎంత కడిగినా వేళ్ళ నుంచి పోవడం లేదు. చదివాక మీరు చేతులు కడుక్కోండి.

— మంగ”

మాస్టారు చేతులు కడుక్కున్నారు. ఇరవయ్యో తారీఖు దాటిపోయింది. ఆ ఉత్తరానికి ఆయన జవాబు రాయలేదు.