పిబ్ తెరిచిన చెయ్యి

శవం నీళ్లలో రెండు నిలువుల లోతున, రాతి అంచు మీద వెల్లకిలా పడి ఉంది. మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలు.

మొదట చూసింది పౌలీనా అనే టూరిస్టు. రాజధానిలో పిల్లలకు ఈత నేర్పే టీచర్. భోజనం అయ్యాక చివరిసారి ఒక మునక వేద్దామని దిగింది. నీటి కళ్లద్దాలు పెట్టుకుని తల ముంచింది. తల పైకెత్తి ఆమె పెట్టిన కేక చన్‌పిచ్ ఊరంతా వినబడింది. మళ్లీ మునిగి శవాన్ని ఒడ్డుకు లాగింది కూడా ఆమే.

చనిపోయింది హసింతో నోహ్. అరవై నాలుగేళ్ల వంటవాడు. యుకతాన్ అడవుల్లో ఆ దారిన వచ్చే టూరిస్టు వ్యానులకు పొద్దున పాత మాయా కట్టడాలు, మధ్యాహ్నం సెనోతే గుండంలో ఈత, ఆ తర్వాత గుండం పక్కనే హసింతో పిబ్ భోజనం. గోతిలో నిప్పులు, నిప్పుల మీద అరటాకుల్లో చుట్టిన పంది మాంసం, పైన మట్టి. రాత్రంతా మగ్గిన ఆ మాంసం కోసమే వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లకు పిరమిడ్ ఒక సాకు.

ఇన్‌స్పెక్టర్ నెల్వి చూక్ నాలుగుంపావుకి వచ్చింది. గైడ్ విల్బెర్త్‌ని పిలిచింది. ముప్పై ఐదేళ్లుంటాయి.

"చివరిసారి ఎప్పుడు చూశావ్?"

"ఒంటిగంటన్నరకి మేడం. పిబ్ తెరిచాడు. చేతులు కడుక్కొస్తానని కిందికి దిగాడు."

"నువ్వూ దిగావా?"

"లేదు మేడం. అప్పటికే గెస్టులు ఈత ముగించి బల్ల దగ్గర కూర్చున్నారు. నేను వడ్డనలో పడ్డాను."

"ఇంతసేపైనా రాకపోతే వెతకలేదా?"

విల్బెర్త్ నేల చూశాడు. "పెద్దాయనకి పొద్దుట్నించీ కొంచెం చుక్క పడింది మేడం. ఎక్కడో పడుకుని ఉంటాడులే అనుకున్నా."

నెల్వి గుండంలోకి దిగే మెట్ల వైపు చూసింది. ఒక చెప్పు మూడో మెట్టు మీద, ఇంకొకటి ఎక్కడో కింద. తాగినవాడి చెప్పులే అనుకుంది.

ఫోన్‌లో కమాండర్ పెనీచె అసహనంగా ఉన్నాడు. "తాగాడు, జారాడు, పోయాడు. దీనికి కూడా పరిశోధన ఎందుకమ్మా? రాసి పడెయ్. రేపు మళ్లీ వ్యానులు రావాలి."

నెల్వి రాసి పడేసింది. "మద్యం మత్తులో ప్రమాదవశాత్తు మునక." ఆ ముక్క శవం కంటే ముందే ఊరు చేరింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి హసింతో భార్య బల్బీనా పోలీసు ఆఫీసుకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏమ్మాయ్, మా ఆయన నోరు వాసన చూశావా?"

"లేదమ్మా."

"మరి తాగాడని ఏ చేత్తో రాశావ్?"

నెల్వి కుర్చీ చూపించింది. బల్బీనా కూర్చోలేదు.

"ఇరవై ఏళ్లయింది ఆయన సీసా ముట్టి. ఆదివారం ఊరి సభ పెడుతున్నారు. తాగుబోతు ఇంటికి గుండం దగ్గర పిబ్ హక్కు ఉంచరట. హక్కు పోతే పోనీ, ఎక్కడో అక్కడ రొట్టెలు చేసుకు బతుకుతాను. సమాధి మీద తాగుబోతని రాయిస్తావా నువ్వు?"

"చేతులు కడుక్కోడానికి దిగి జారాడని గైడ్ చెప్పాడమ్మా."

బల్బీనా ఆమెను కిందినుంచి పైకి చూసింది. "పిబ్ తెరిచి చన్నీళ్లలోకా? నిన్ను కన్నది మాయా తల్లేనా పిల్లా? నిప్పు దగ్గర్నుంచి లేచినవాడు పొద్దుగూకేదాకా నీళ్లు ముడతాడా? నరాలు కొంకర్లు పోవూ? నేను రొట్టెలు కాల్చి చేతులు కడగబోతే చాలు, గుడ్డకి తుడుచుకోవే పిచ్చిదానా అని నలభై ఏళ్లు నా ప్రాణం తీశాడు. అలాంటివాడు ఒళ్లు సెగలు కక్కుతుంటే కడుక్కోడానికి దిగాడా?"

నెల్వి మొహం వేడెక్కింది. ఇంట్లో ఇస్త్రీ పెట్టె పట్టుకున్న రోజు అమ్మ తనను స్నానానికి వెళ్లనిచ్చేది కాదు. చన్‌పిచ్‌కి ఏడు మైళ్ల దూరంలో పుట్టి పెరిగింది తను. ఈ సంగతి తనకు ఒకరు చెప్పాలా? తెలిసిన సంగతిని పక్కన పెట్టి, సులువైన మాట రాసేసింది. సిగ్గుతో ఆమెకు తలెత్తాలనిపించలేదు.

పదింటికి ఆసుపత్రి నుంచి రిపోర్టు వచ్చింది. ఊపిరితిత్తుల నిండా నీళ్లు. ఒంటి మీద దెబ్బల్లేవు. కాలి పిక్కలు బిగుసుకుపోయాయి. మద్యం చుక్క కూడా లేదు.

అంటే గైడ్ అబద్ధమాడాడు. ఎందుకు?

నెల్వి మళ్లీ గుండం దగ్గరికి వెళ్లింది. ఈసారి కళ్లు తెరుచుకుని చూసింది.

పిబ్ గొయ్యి పక్కన పార లేదు. పది అడుగుల అవతల పొదలో పడి ఉంది. చెప్పులు నిన్నటి చోటే ఉన్నాయి. కడుక్కోడానికి వెళ్లేవాడు చెప్పులు జతగా విడుస్తాడు. పార గోడకు చేరేస్తాడు. అన్నిటికీ మించి, ఏ వంటవాడూ తెరిచిన పిబ్‌ని చల్లారనిచ్చి ఎక్కడికీ కదలడు. ఇవి పరుగెత్తిన చెప్పులు.

ఒళ్లు మండుతున్న మనిషి చన్నీళ్లలోకి పరుగెత్తాడు. ఎవరికోసం?

పౌలీనా ఊళ్లోనే ఉంది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. అడగ్గానే ఫోన్‌లో ఫోటోలన్నీ చూపించింది.

"మీ గైడ్ ఎలాంటివాడు?"

"హుషారైనవాడు. నడక రాకముందే ఈ గుండంలో ఈత కొట్టానని చెప్పి అందర్నీ నవ్వించాడు."

"మీతోపాటు నీళ్లలోకి దిగాడా?"

పౌలీనా ఆలోచించింది. "దిగాడు. చొక్కా విప్పి, లైఫ్ జాకెట్ వేసుకుని, మెట్ల దగ్గరే, తాడు పట్టుకుని. రూల్స్ పాటించే మనిషి అనుకున్నాను."

నెల్వి ఫోటోలు జరిపింది. పదిన్నరకు పిరమిడ్ ముందు విల్బెర్త్. తెల్ల చొక్కా, జేబు మీద కంపెనీ గుర్తు. ఒకటీ యాభైకి బల్ల దగ్గర విల్బెర్త్. చేతిలో పళ్లెం, ఒంటి మీద నీలం గళ్ల చొక్కా.

వ్యాన్ డ్రైవర్ ఫ్రెడి పళ్లు ఇకిలించాడు. "ఆ గళ్ల చొక్కా నాదే మేడం. చెమట పట్టిందని అడుక్కున్నాడు. ఇంకా తిరిగివ్వలేదు, దొర!"

"ఎప్పుడు అడిగాడు?"

"వడ్డనకి ముందే."

"వాడి తెల్లది ఏమైంది?"

ఫ్రెడికి తెలీదు. వ్యాన్ వెతికారు. స్పేర్ టైరు కింద ఉండచుట్టి ఉంది. ఇంకా తడి ఆరలేదు. మోచేతుల దగ్గర పాకుడు. నెల్వి దాన్ని విప్పి వెనక్కి తిప్పింది. మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుంది.

పన్నెండింటికి అందర్నీ గుండం దగ్గరి తాటాకు పందిరి కిందికి పిలిపించింది. విల్బెర్త్, ఫ్రెడి, పౌలీనా, బల్బీనా. కమాండర్ పెనీచె కూడా వచ్చాడు, గడియారం చూసుకుంటూ.

"మొదటి తప్పు నాది," అంది నెల్వి. "హసింతో గారు తాగలేదు. వాసన కూడా చూడకుండా రాశాను. ఆ కాగితం మార్చాను. ఆదివారం సభకి నేనే వచ్చి చెబుతాను."

పెనీచె గొంతు సవరించుకున్నాడు. "సరే. మరి నీళ్లలోకి ఎవరు తోశారు?"

"ఎవరూ తోయలేదు సార్. ఆయనే దూకాడు."

ఆమె తెల్ల చొక్కాను బల్ల మీద పరిచింది, వీపు పైకి ఉండేలా. సరిగ్గా భుజాల మధ్య ఎర్రటి మరక. అరచెయ్యి, అయిదు వేళ్లు.

"ఇదేమిటో చెప్పు ఫ్రెడి."

"అచియోతే కదా మేడం. పిబ్ మాంసానికి పట్టించే ఎర్ర గింజల ముద్ద. కొవ్వులో కలిసి గుడ్డకి అంటిందంటే చచ్చినా పోదు. మా ఆవిడ నా బట్టలు చూసి రోజూ తిట్లు లంకించుకుంటుంది."

"వడ్డించేటప్పుడు మరక పడింది మేడం," అన్నాడు విల్బెర్త్ గబగబా.

"వడ్డించేవాడికి మరక బొడ్డు మీద పడుతుంది. వీపు మీద పడదు. పైగా వడ్డించేటప్పుడు నీ ఒంటి మీద ఈ చొక్కా లేదు. ఆ పూట పిబ్ తెరిచిన చెయ్యి ఒక్కటే. ఆకులు విప్పిన ఆ చెయ్యి నీ వీపు మీదికి ఎలా వచ్చింది?"

విల్బెర్త్ బల్ల దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

"నేను చెప్పనా? నీళ్లలో మునిగేవాడిని వెనకనుంచి గట్టుకి తోస్తే అలా వస్తుంది. నీకు ఈత రాదు విల్బెర్త్."

ఫ్రెడి పకాలున నవ్వబోయి ఆగిపోయాడు. ఎందుకంటే విల్బెర్త్ ఏడుస్తున్నాడు.

"మా ఊళ్లో ఎంతమందికి వచ్చు మేడం? చిన్నప్పుడు ఎవరు దిగనిచ్చారని? జాకెట్ వేసుకుంటే తేలతాం కదా అని ఈ ఉద్యోగంలో చేరాను. వచ్చని చెప్పేశాను. ఇన్నేళ్లూ నడిచిపోయింది." మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "గెస్టులు జాకెట్లు విడిచేసి పైకెళ్లారు. ఒకటి నీళ్లలో తేలుతూ దూరంగా పోతోంది. నాది అప్పటికే విప్పేసి చొక్కా తొడుక్కున్నాను. వంగి అందుకోబోయాను. పాకుడు. కాలు జారింది. ఒక్క అరుపు అరిచానో లేదో, నీళ్లు నోట్లోకి పోయాయి. పైన గట్టంచున పిబ్ దగ్గరున్న పెద్దాయన ఒక్కడికే వినపడింది. చూస్తుండగానే దూకేశాడు. వీపు మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు. తాడు నా చేతికందింది."

"తర్వాత?"

"వెనక్కి తిరిగి చూస్తే ఆయన కాళ్లు కదలట్లేదు మేడం."

పెనీచె గడియారం చూడ్డం మానేశాడు.

"భయపడి పరుగెత్తావ్," అన్నాడు. గొంతు మెత్తబడింది. "ఈత రానివాడివి, ఏం చేస్తావులే."

"పరుగెత్తింది సహాయానికే సార్! అరవాలనే మెట్లెక్కాను." విల్బెర్త్ పౌలీనా వైపు చూడలేక చూశాడు. "పైకొచ్చేసరికి అందరూ నవ్వుకుంటూ కూర్చున్నారు. ఈవిడ ఈత టీచరని పొద్దున్నే చెప్పింది. నోరు తెరిచాను. ఎవరు మునుగుతున్నారు, నువ్వెందుకు దూకలేదు అని అడుగుతారు కదా అనిపించింది. అంతే. నోరు పడిపోయింది. ఈవిడే, ఏంటి మొత్తం తడిసిపోయావని నవ్వింది. కుండ ఒలికిందన్నాను."

పౌలీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను నవ్వాను," అంది. "కుండ ఒలికిందంటే నమ్మి నవ్వాను. ఇక్కడే కూర్చున్నాను. ఒక్క మాట అని ఉంటే..."

ఎవరూ ఆమెను ఓదార్చలేదు. ఓదార్చే అర్హత అక్కడ ఎవరికుంది?

విల్బెర్త్ రెండు చేతులూ ముందుకు చాచాడు. "బేడీలు వెయ్యండి మేడం. పెద్దాయన తాగాడని అన్నది కూడా నేనే. చచ్చినవాడి మీద వేసేశాను. వెయ్యండి."

నెల్వి కదల్లేదు. ఆ ముక్కని పట్టుకుని అధికారికంగా రాసిన చెయ్యి తనది. ముందు ఆ పెద్దావిడకు మాట్లాడే హక్కు ఉందనిపించింది.

బల్బీనా లేచి విల్బెర్త్ ఎదురుగా నిలబడింది. కొడుతుందనుకున్నట్టు వాడు కళ్లు మూసుకున్నాడు.

"ఏరా, ఆయన నిన్ను పిలిచాడా?"

"పిలిచాడు పెద్దమ్మా."

"ఏమని?"

"కాలు పట్టేసిందిరా విల్బెర్త్, ఎవర్నైనా పిలువు అన్నాడు."

"నువ్వు పైకొచ్చి వీళ్లకి ఏం చెప్పావ్?"

"భోజనం రెడీ అని చెప్పాను."

"వడ్డించావా?"

"వడ్డించాను."

"ఆయన చేసిందే?"

"ఆయన చేసిందే పెద్దమ్మా."

"తిన్నారా వీళ్లు? బావుందన్నారా?"

పౌలీనా మొహం తిప్పుకుంది. విల్బెర్త్ తల దించేసుకున్నాడు. బల్బీనా వాడి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "అడిగినదానికి చెప్పు."

"మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారు పెద్దమ్మా."

బల్బీనా చెయ్యి దించేసింది. బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"అయితే ఉప్పు సరిపోయిందన్నమాట," అంది. "మాంసంలో ఎక్కువేశావని మొన్న రాత్రి నా మీద ఎగిరాడు. నేనూ ఊరుకోలేదు, నోటికొచ్చినట్టు అనేశాను. నిన్న పొద్దున నాతో మాట్లాడకుండానే వచ్చేశాడు."