అడుగు గొంతు

"పాడుతున్నవా, ఎవరి మీదనన్న గుస్సా అయితున్నవా?"

ఆండాలు నాతో అన్న మొదటి మాట ఇదే. వాళ్ల నాన్న పురుషోత్తం నాకు వరుసకు మేనమామ. పురానాపూల్ దగ్గర ఆయనకు క్షవరం దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. ఆ పరదా వెనక నుంచే నవ్వింది.

తప్పు ఆమెది కాదు. మంగళవారం ఎవరూ క్షవరానికి రారు కాబట్టి ఆ రోజు అక్కడ మామతో కలిపి మేం నలుగురం పాడేవాళ్లం. పక్క కొట్లో బట్టలు కుట్టే అజ్మత్ అలీ భాయ్ ఒకప్పుడు సైనిక పల్టన్ బ్యాండులో బాకా ఊదినవాడు. ఒకే పాటను నాలుగు గొంతులకు పంచడం మాకు ఆయనే నేర్పాడు. అసలు వరస ఆయన తమ్ముడు తాహిర్‌ది. అందరికంటే కింది స్థాయిలో సాగే అడుగు గొంతు నాది. అది ఒంటరిగా వింటే మూలుగులాగే ఉంటుంది. ఆ రోజు నేను ముందే వచ్చి ఒంటరిగా సాధన చేస్తున్నాను.

"నా వంతు ఇంతే. మిగిలినోళ్లను రానియ్యి," అన్నాను రోషంగా.

"వాళ్లొచ్చినా నీది గింతేగా!"

వాళ్లొచ్చారు. పాట మొదలైంది. నాలుగు గొంతులూ సరిగ్గా ఒదిగినప్పుడు, ఎవరూ పాడని ఐదో గొంతేదో గదిలో మోగుతుంది. అది మోగగానే పరదా కాస్త జరిగింది. రెండు కళ్లు కనిపించాయి. నేను పాట మరిచిపోయాను.

"ఆపినవేంది?" అంది. "నువ్వు ఆపితే అంతా బోసిపోయింది."

ఆ తర్వాత ఏడాదిపాటు మంగళవారాల కోసమే బతికాను. నన్ను చేసుకుంటావా అని అడగాలనుకునేవాణ్ని. మళ్లీ నవ్వుతుందేమోనని భయం. నేను ఉప్పుగూడ రైల్వే స్టేషన్‌లో గుమాస్తాని. యుద్ధం రోజుల్లో ఔరంగాబాద్‌కు బదిలీ చేశారు.

వెళ్లే రోజు వాన. పరదా వెనక నుంచి అడిగింది, "మంగళారం నీ జాగల ఎవరు పాడుతరు?"

"ఎవరో ఒకరు దొరుకుతరు తియ్," అన్నాను. ఎంత తెలివితక్కువవాణ్ని!

రెండేళ్లు. ప్రతి మంగళవారం ప్లాట్‌ఫారం చివర నిలబడి నా వంతు నేను పాడుకున్నాను. కూలీలు జాలిగా చూసేవాళ్లు. ఆండాలు మీద బెంగతో పాట మధ్యలోనే ఆపేసేవాణ్ని.

చివరికి సెలవు దొరికింది. వానలో తడుస్తూ పురానాపూల్ చేరాను. మంగళవారమే. దుకాణంలోంచి పాట వినిపించింది. నాలుగు గొంతులు!

నా చోటు నిండిపోయిందన్నమాట. వెనక్కి తిరిగాను. రెండడుగులు వేసి ఆగాను. నాలుగోది ఆడగొంతు. నా వరసే, ఒక స్థాయి పైన, ఒక్క స్వరం కూడా తప్పకుండా.

లోపలికి వెళ్లాను. పాట ఆగింది.

"రెండేండ్ల సంది గిదే లొల్లి," అన్నాడు మామ, పరదా వైపు చూపిస్తూ. "ఇంకొకల్లను తెస్తనంటే ఒప్పుకోలె. బావ జాగ బావదేనంట."

నేను పరదా దగ్గరికి వెళ్లాను. "ఆండాలూ, నన్ను చేసుకుంటవా?"

 ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు వినిపించింది.

"ఇగ నీ వంతు నువ్వే పాడుకో బావా. నీ పక్కన కూసొని వింట."

అజ్మత్ అలీ భాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకా చూస్తవేంది, పురుషోత్తం భాయ్?"

మామ లేచి, పరదాను మేకు నుంచి తానే తీశాడు.