ముక్కాలిపీట మీద ఆరు నెలలు

సల్త్ ఊళ్ళో కొండ మీది ఆ మెట్లవీధికి నీళ్ళు వారానికి ఒక్కరోజే, మంగళవారం నాడు వస్తాయి. ఆ రోజు మేడ మీది ట్యాంకు నిండితే వారమంతా గండం గడిచినట్టే. నిండకపోతే చెంబుకీ బిందెకీ తగువే. ఆ మంగళవారం ట్యాంకు అంచుదాకా నిండింది. నిండిన గంటకే, గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, వంటింటి గోడలో పైపు పగిలింది.

రుదైనా గుడ్డలు కుక్కింది, పిండి ముద్ద చేసి అదిమింది, చివరికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. నీళ్ళు ఆగితేనా... పైకి వెళ్ళి కట్టేద్దామంటే ట్యాంకు దగ్గర నాలుగు వాల్వులున్నాయి. ఏది దేనిదో, ఎటు తిప్పాలో ఆమె భర్త రాతిబ్‌కే తెలుసు. రాతిబ్ పోయి మూడేళ్ళయింది. తెలిసినవాడు తనతోనే తీసుకుపోయాడు, చెప్పిపోవాలని అతనికి మాత్రం ఏం తెలుసు పాపం.

పక్కింటివాళ్ళు ఎవరినో ప్లంబరుని పంపారు. అతను మెట్ల మీదనుంచే "యా సాతిర్" అని కేకేశాడు. ఆడవాళ్ళున్న ఇంటికి పరాయి మగాడు వస్తే, వాళ్ళు పక్కకి తప్పుకోడానికి అలా గొంతు వినిపించడం మర్యాద. మర్యాదస్తుడే. అయినా రుదైనా అత్తగారు వస్ఫియా తలుపు తియ్యలేదు.

"ఇంట్లో మగదిక్కు లేదు నాయనా. మా పెద్దాడు వచ్చాక రా," అంది తలుపుకి వీపు ఆనించి.

"అమ్మా, నీళ్ళు మెట్ల మీదకి వచ్చేస్తున్నాయి. పది నిమిషాల పని."

"రానీ. నీళ్ళు పోతే మళ్ళీ మంగళవారం వస్తాయి. పరువు పోతే ఏ వారం వస్తుంది?"

"అత్తమ్మా, మీరున్నారుగా..." అంది రుదైనా వంటింట్లోంచి.

"మొగుడు పోయినవాళ్ళు ఇద్దరున్న కొంప ఇది. వీధంతా చెవులే. నువ్వు నోరు మూసుకో పిల్లా."

అతను కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. పెద్దకొడుకు ఫాయిక్ అమ్మాన్ నగరంనుంచి దిగేసరికి సాయంత్రమైంది. ఫాయిక్ కూడా ప్లంబింగు మేస్త్రీయే, లైసెన్సున్నవాడు. కానీ అప్పటికి ట్యాంకులో చుక్క లేదు. వారానికి సరిపడా నీళ్ళు మెట్లు దిగి బజారుకి పోయాయి. బీరువా అడుగున దాచుకున్న రాతిబ్ ఉన్నికోటు తడిసి ముద్దయింది. దాన్ని పిండుతూ రుదైనా ఏడ్చింది. కోటులో మిగిలిన అతని వాసన కూడా ఆ నీళ్ళతోనే పోయింది మరి.

ఆ ఏడుపులోనే ఆమెకి ఆలోచన పుట్టింది. ఈ పని నేనే నేర్చుకుంటే?

విన్న ఫాయిక్ నవ్వలేదు, అది అతని మంచితనం. "నేర్చుకో అమ్మా. మా ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకుని నీకు ఆడవాళ్ళ ఇళ్ళలో పని చూపిస్తాను. లైసెన్సు నాకుందిగా, నీకెందుకు వేరే? ఇంట్లో విద్య ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు.

పేటలోని మహిళా సంఘం వాళ్ళు మరో దారి చెప్పారు. ఆరు వారాల క్లాసు, అందరూ ఆడవాళ్ళే, మధ్యాహ్నం టీ, బిస్కెట్లు. చివర పువ్వుల అంచున్న కాగితం ఇస్తారు. కుళాయి వాషర్లు మార్చొచ్చు గానీ, ఆ కాగితంతో గోడలో పైపు ముట్టుకునే హక్కు రాదు.

మూడోది ప్రభుత్వ శిక్షణా కేంద్రం. ఏడాది చదువు, ఆ తర్వాత లైసెన్సున్న మేస్త్రీ కింద ఆరు నెలల పని, ఆపైన పరీక్ష. అన్నీ గట్టెక్కితే సొంత పేరు మీద లైసెన్సు. కాకపోతే క్లాసు నిండా మగపిల్లలే, కొండ దిగి రెండు బస్సులు మారాలి.

రుదైనా వారంరోజులు ఆలోచించింది. బావగారి దారిలో అయినవాళ్ళుంటారు, అన్నం వేళకి పిలిచేవాళ్ళుంటారు. ఒంటరితనం తిన్న మనిషికి అది చిన్న ఆశ కాదు. కానీ ప్రతిసారీ ఒకటే ప్రశ్న ఎదురొచ్చేది. బావగారు ఊళ్ళో లేని రోజున ఏం చెయ్యాలి? ఆయన లైసెన్సు ఆయన జేబులో ఉంటుంది. మళ్ళీ తలుపు వేసుకుని, చేతులు అడ్డం పెట్టుకుని, సాయంత్రందాకా నిలబడాల్సిందే.

శిక్షణా కేంద్రంలోనే పేరు రాయించింది. ఫాయిక్ మనసు నొచ్చుకుని రాకపోకలు తగ్గించాడు. వస్ఫియా ఏకంగా మాటలే మానేసింది.

ఒక కప్పు కింద ఇద్దరే మనుషులు, ఇద్దరికీ మాటల్లేవు... అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది ఆ నరకం. వస్ఫియా పప్పుచారు వండి మూతపెట్టి ఉంచేది, తినమని మాత్రం అనేది కాదు. చెప్పాల్సిందేదైనా ఉంటే వాకిట్లో నూనెడబ్బాలో పెరిగే జెరేనియం మొక్కకి చెప్పేది.

"వచ్చిందమ్మా మేస్త్రీ," అనేది ఆ మొక్కతో. "చేతులు చూడు, గాడిదలు తోలేవాడి చేతుల్లా అయ్యాయి. నా కొడుకుండగా ఈ చేతులకి గోరింటాకు పెట్టారు."

ఆ మాట రుదైనాకి గునపంలా దిగేది. జవాబు చెబుదామంటే తనని అడిగితే కదా.

కేంద్రంలోనూ అంతే. ఆమెతో పాటు చేరిన ముగ్గురు ఆడపిల్లలు నెల తిరక్కుండా మానేశారు. మగపిల్లలు చెడ్డవాళ్ళు కారు, గౌరవంగా దూరం జరిగేవాళ్ళు. ఆ గౌరవమే ఆమెని మరింత ఒంటరిని చేసింది. మధ్యాహ్నం వెనకవైపు మెట్టు మీద ఒక్కతే కూర్చుని రొట్టె, ఆలివ్ కాయలు తినేది. మొదటి రోజు మొదటి పాఠంగా పంతులమ్మ ఇనామ్ ట్యాంకు కింది వాల్వు చూపించి చెయ్యి పావువంతు తిప్పింది. "ముందు ఇది. ఏది పగిలినా ముందు నీళ్ళు కట్టాలి," అంది. పావు తిప్పు... అంతే! ఆ పావు తిప్పు తెలియకనే కదా ఇల్లు మునిగింది. రుదైనా బొటనవేలితో కళ్ళు ఒత్తుకుంది. క్లాసులో ఎవరికీ ఎందుకో అర్థం కాలేదు.

ఏడాది అలాగే గడిచింది. ఇక మేస్త్రీ సంతకం పెట్టాల్సిన ఆరు నెలల పని మిగిలింది. ఫాయిక్‌ని అడిగితే, "నా దారి వద్దనుకున్నావు, నా సంతకం మాత్రం ఎందుకమ్మా," అన్నాడు. కేంద్రంవాళ్ళు అబూ షిహాదా అనే ముసలి మేస్త్రీని చూపించారు.

"పని నేర్పుతా తల్లీ," అన్నాడాయన గడ్డం నిమురుకుంటూ. "కానీ మనం వెళ్ళేవి సగం ఖాళీ ఇళ్ళు, కొత్త కట్టడాలు. అక్కడ నువ్వూ నేనూ ఇద్దరమే ఉంటే దేవుడికీ ఇష్టం కాదు, మా ఆవిడకీ ఇష్టం కాదు. మీ ఇంట్లో ఎవరినైనా తోడు తెచ్చుకో. ఎవరున్నారు నీకు?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే," అంది రుదైనా. తోడు దొరకకపోతే ఏడాది చదువూ గంగలో కలిసినట్టేనని ఆమెకి తెలుసు.

ఇంటికొచ్చి వాకిట్లో కూలబడింది. లోపల కిటికీ పక్కన అత్తగారు జపమాల తిప్పుకుంటోంది.  ఏమనుకుందో ఏమో, రుదైనా కూడా జెరేనియం మొక్కతోనే మాట్లాడింది.

"పక్కన కూర్చునే మనిషి కావాలట. పని చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలట. ఆ మాత్రం మనిషి కూడా లేదు నాకు. పుట్టింటివాళ్ళు మట్టిలో ఉన్నారు, మొగుడు మట్టిలో ఉన్నాడు. ఎవరిని తీసుకుపోను... నిన్ను తీసుకుపోనా?"

లోపల జపమాల చప్పుడు ఆగింది.

తెల్లారి రుదైనా పనిముట్ల సంచీ తీసుకుంటూంటే గుమ్మంలో వస్ఫియా నిలబడి ఉంది. నల్లబట్టలు, చేతికర్ర, చంకలో ముక్కాలిపీట, ఫ్లాస్కునిండా మర్యమియ అనే ఘాటు వాసన ఆకు వేసిన టీ.

"అత్తమ్మా..."

"పద. ఆలస్యమైతే ఆ ముసలాయన గొణుగుతాడు. నాకు గొణిగే మగాళ్ళంటే పడదు."

పదమూడు నెలల తర్వాత విన్న మొదటి మాట అది. రుదైనా సంచీ కిందపడేసి ఆమె చేతులు పట్టుకుంది.

"వదులు, వదులు. పీట పట్టుకో, బరువుగా ఉంది," అంది వస్ఫియా.

ఆరు నెలలు! అరిగిన మోకాళ్ళతో ఆ డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఎక్కని మెట్లు లేవు. రుదైనా, అబూ షిహాదా సింకు కింద దూరితే, తను గుమ్మంలో పీటేసుకుని ఇద్దరినీ కనిపెట్టుకుని కూర్చునేది. ఊరికే కూర్చుంటుందా? "అటు కాదు పిల్లా, ఇటు తిప్పు," అని కోడలికీ, "దానికి గట్టిగా చెబుతావేం, నీ అరుపుకి గోడలు పగిలేలా ఉన్నాయి," అని మేస్త్రీకీ వడ్డించేది. "నాకు శిష్యురాలు ఒకర్తే అనుకున్నాను, మేస్త్రీ కూడా దొరికింది," అని నవ్వేవాడాయన.

చివరి సంతకం పెట్టించుకుని వస్తూ దారిలో మెట్టు మీద వస్ఫియా ఆగిపోయింది. ఆయాసం అనుకుంది రుదైనా. కాదు.

"ఆ మంగళవారం గుమ్మంలో ఇలాగే పీటేసుకుని కూర్చుని, ఆ పిల్లాణ్ణి లోపలికి రానిస్తే అయిపోయేది," అంది వస్ఫియా. "నువ్వు చెప్పావు కూడా, 'మీరున్నారుగా' అని. నేనున్నానన్న సంగతి నాకే గుర్తులేదు. నా కొడుకు కోటు నా మూలానే తడిసింది. ఆ సిగ్గుకి ఏడాది నీ మొహం చూడలేకపోయాను. కోపం అనుకున్నావు కదూ?"

రుదైనా పక్కనే కూర్చుంది. ఫ్లాస్కులో మిగిలిన టీ ఇద్దరూ ఒకే మూతలో తాగారు.

పరీక్ష అయిన మూడోవారం వస్ఫియా మధ్యాహ్నం నమాజు చేసుకుని కాస్త నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు మూడురోజులు చేదుకాఫీ తాగి వెళ్ళిపోయారు. ఇల్లు మళ్ళీ మూగదైంది, ఈసారి జెరేనియంతో మాట్లాడేవాళ్ళు కూడా లేకుండా. రుదైనా రోజూ దానికి నీళ్ళు పోసేది, కాసేపు దగ్గర నిలబడేది.

నలభయ్యో రోజుకి ఫాయిక్ వచ్చాడు. ఆ ముందురోజే వచ్చిన లైసెన్సు బల్లమీద ఉంది. చేతిలోకి తీసుకుని, దానిమీద ఆమె పేరు రెండుసార్లు చదివాడు.

"అమ్మ వీధుల వెంట అలా తిరుగుతోందని తెలిసి పరువు తక్కువనుకున్నాను," అన్నాడు తలొంచుకుని. "ఆ సంతకం పెట్టాల్సింది నేనమ్మా. నన్ను క్షమించు. మా ఇంటికి వచ్చెయ్యి, ఒక్కదానివీ ఇక్కడెందుకు?"

"అత్తమ్మ పేరు చెప్పి ఈ ఇంటికి మీరే వస్తూండండి బావగారూ. శుక్రవారం శుక్రవారం వండుతాను," అంది రుదైనా. వస్తానని అతను మాటిచ్చాడు.

మరుసటి మంగళవారం ఫోను వచ్చింది. పై వీధిలో ఎవరిదో పైపు పగిలిందట. రుదైనా సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాటబోయి, వెనక్కి వచ్చి ముక్కాలిపీట తీసుకుంది. సింకు కింద పనికి ఎత్తు సరిపోతుందని తనకి తాను చెప్పుకుంది.

ఆ ఇంటి తలుపు కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. తలుపు కొట్టింది.

"ఎవరూ?" లోపల ఆడగొంతు వణికింది.

"ప్లంబరునమ్మా."

"ఇంట్లో మగవాళ్ళు లేరు, సాయంత్రం రండి... ఆడగొంతులా ఉందే? నీతో ఎవరున్నారు, మగవాళ్ళా?"

 రుదైనా ఎన్నోసార్లు చెప్పిన జవాబే. చెప్పిన ప్రతిసారీ ఏడుపొచ్చిన జవాబు.

"ఎవరూ లేరమ్మా. ఒక్కదాన్నే."

లోపల గడియ తీసిన చప్పుడైంది. రుదైనా పీట చంకన సర్దుకుని లోపలికి వెళ్ళింది.