గేటు మీద దాల్చినచెక్క

మా జట్లాండ్ సీమ గాలికి కోడి ఇక్కడ గుడ్డు పెడితే అది పక్క ఊళ్ళో పడుతుంది. ఆ గాలికే చెదరని మారెన్ జుట్టు, ఆస్గర్ బొమ్మరైలు తన బొమ్మ పాలవ్యాన్‌ని గుద్దిన రోజున నిటారుగా లేచింది.

బొమ్మ ఇటుకలతో ఊళ్ళు కట్టే మా క్లబ్బులో పట్టాలు అతనివి, వాటి అవతలి బొమ్మ ఊరు ఆమెది.

"గేటు లేకుండా రైలు నడుపుతావా? నీ కళ్ళు కూడా ప్లాస్టిక్కేనా?"

"వ్యానే వచ్చి గుద్దింది."

"ఆగి ఉన్న వ్యానా?"

తప్పు చేసినవాడు అందరికీ కేకు తేవాలని క్లబ్బు రూలు. తెచ్చాడు. అది తింటూ మారెన్ ఒక్కసారి నవ్వింది. అంతే, చలికాలమంతా కూర్చుని దానంతటదే పడిలేచే గేటు కట్టాడు. పట్టాల మధ్య సెన్సర్. దాని మీద రైలుంటే గేటు దిగుతుంది, వెళ్ళిపోతే లేస్తుంది.

క్లబ్బు ప్రదర్శన రోజున గేటు లేవగానే, ఎర్రపువ్వు పట్టుకున్న బుల్లి బొమ్మ బండెక్కి మారెన్ బొమ్మబేకరీకి వెళ్ళాలి. నోటితో చెప్పే ధైర్యం ఆస్గర్‌కి లేదు మరి.

ఆ పొద్దునే అతనికి పాతికేళ్ళు నిండాయి. పెళ్ళికాని పాతికేళ్ళవాణ్ణి మావాళ్ళు ఊరికే వదలరు. స్నేహితులు స్తంభానికి కట్టేసి, తలమీద దాల్చినచెక్క పొడి కుమ్మరించారు. అలాగే ప్రదర్శనకి వస్తుంటే దారిలో ముసలమ్మలు దాల్చినచెక్క బన్ను అనుకుని కాఫీ కప్పులతో వెంటపడ్డారు.

రైలు వెళ్ళింది. గేటు లేవలేదు. ఆస్గర్ వంగి చూశాడు. జుట్టులోంచి ఇంకాస్త పొడి రాలింది.

మారెన్ వేలితో అద్ది వాసన చూసింది. "సెన్సర్ నిండా నువ్వే ఉన్నావయ్యా. నిన్ను రైలనుకుంటోంది."

"సారీ."

"ఈ పువ్వాయన ఎవరు?"

"ప్యాసింజరు."

"ఎక్కడికి?"

"నీ బేకరీకి."

"బన్ను కోసమా?"

"కాదు." పొడి కిందనుంచే చెవులు ఎర్రబడ్డాయి.

ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్రదీపం చూసి ఆగే జనం మేము. అందరికంటే ముందు ఆగేది మారెన్. ఆ మారెన్ బేకరీలోంచి బొమ్మపిల్లని తీసి, గేటు మీది ఎర్రదీపాలు వెలుగుతుండగానే దాని కిందనుంచి దూర్చి, పువ్వాయన పక్కన నిలబెట్టింది. హాలంతా నోరెళ్ళబెట్టింది.

"గేటు లేచేదాకా ఆగొచ్చుగా?" అన్నాడు ఆస్గర్.

"చలికాలమంతా ఆగాను. రూలు తప్పాను కాబట్టి ఈసారి కేకు నాది. దాల్చినచెక్క మాత్రం వెయ్యను."

పక్కనే కాఫీ పోస్తున్న ఆస్గర్ తల్లి ఇదంతా చూసింది. ముప్పై నిండినా పెళ్ళికాకపోతే మిరియాలు పోస్తారు; ఆవిడ ముందుచూపుతో బస్తా కొనిపెట్టుకుంది.

"హమ్మయ్య! మిరియాలు ఇక కూరలో వేసుకోవచ్చు," అని ఊపిరి వదిలింది.

ఆ ఊపిరికి సెన్సర్ మీద పొడి ఎగిరిపోయింది. గేటు లేచింది.