డబ్బాకు తగిలితే ఒక చుట్టు

నవీన పడవ వచ్చి ఓంప్రకాశ్ పడవను గుద్దింది. వాళ్ళిద్దరి పరిచయం అలా మొదలైంది.

పడవలంటే మనుషులు ఎక్కేవి కావు. మీటరు పొడుగుంటాయి, పైన రెండు తెరచాపలు. ఒడ్డున నిలబడి రిమోట్‌తో నడపాలి. ఇంజన్ ఉండదు, గాలే దిక్కు. రిమోట్‌లో ఒక పుల్ల చుక్కానిని తిప్పుతుంది, ఇంకో పుల్ల తెరచాప తాడును లాగుతుంది, వదులుతుంది. కరీంనగర్ మానేరు డ్యామ్ ఒడ్డున ప్రతి ఆదివారం మూడింటికి ఏడెనిమిది మంది చేరి పోటీ పెట్టుకుంటారు. మూడింటికే ఎందుకంటే, క్లబ్బు పెట్టిన ఎబినేజర్ సార్ చర్చి నుంచి ఇంటికి వెళ్ళి, అన్నం తిని, ఒక కునుకు తీస్తే గాని రారు. రిటైరైన ఐటీఐ మాస్టారు ఆయన.

"ఓ మేడం! చుట్టు తిప్పుండ్రి!" అని అరిచాడు ఓంప్రకాశ్.

"ఎవర్ని?"

"మీ పడవను. గుద్దినోళ్ళు ఆడికాడనే ఒక చుట్టు తిరగాలె. గదే శిక్ష."

"మీరు అడ్డమొస్తే నేను తిరగాల్నా? మంచిగనే ఉన్నది!"

"నేను అడ్డం రాలే. నా తొవ్వల నేను పోతున్న."

"నీళ్ళల్ల మీకు తొవ్వ ఏడ కనబడ్డది?"

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఓంప్రకాశ్‌కు ఒళ్ళు మండింది. ఎబినేజర్ సార్ మధ్యలోకి వచ్చారు.

"ఈడ అంపైర్ ఉండడు బిడ్డా. పక్క పడవకు తగిలినా, నీళ్ళల్ల గీ డబ్బాలకు తగిలినా, ఎవరికి వాళ్ళే ఒప్పుకొని ఒక చుట్టు తిరగాలె. ఎవరు చూడకున్నా సరే."

డబ్బాలంటే, ఇటుకలు కట్టి నీళ్ళలో వదిలిన మూడు నారింజ రంగు ప్లాస్టిక్ డబ్బాలు. వాటిని చుట్టి రావడమే పోటీ.

నవీన మూతి ముడుచుకుని చుట్టు తిప్పింది. ఆఖరున వచ్చింది. పై ఆదివారం మళ్ళీ వచ్చింది.

ఆమెది సిరిసిల్ల. తండ్రి కైలాసం పవర్‌లూమ్ మీద పాలిస్టర్ నేస్తాడు. తను కరీంనగర్‌లో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తూ హాస్టల్లో ఉంటోంది. ఓంప్రకాశ్‌ది టవర్ సర్కిల్ దగ్గర ఫోన్లు బాగుచేసే కొట్టు. మూడో ఆదివారానికి వాళ్ళ మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆ రోజే ఆమె అతని తెరచాపను వేళ్ళతో పట్టి చూసింది.

"గిదేం గుడ్డ?"

"గొడుగుది. మంచి గుడ్డ."

"గుడ్డ మంచిదే. కోసినోనికే తెలివి లేదు. పడుగు ఏ దిక్కున్నదో చూడకుంట ఏటవాలుగ కోసినవ్. గాలి గుంజితే సాగక ఏంజేస్తది?"

"మరెట్ల కొయ్యాలె?"

"నిలువు పోగు వెనకంచు పొంటి రావాలె. నేతోళ్ళ బిడ్డను, గింత తెల్వదా నాకు?"

తండ్రి నేసిన గుడ్డ తెచ్చి తనకో జత, అతనికో జత తెరచాపలు కుట్టింది. ఆమె పడవలో తాడు లాగే బుల్లి మోటారు నీళ్ళు చేరి చచ్చిపోతే అతను బతికించాడు. అప్పటినుంచి మొదటి రెండు స్థానాలు వాళ్ళిద్దరివే. రేపు గాలి ఎలా ఉంటుందో మాట్లాడుకోవడానికి వాళ్ళకు రోజూ నలభై నిమిషాలు పట్టేది. గాలి గురించి అంత విషయం ఉండదని ఇద్దరికీ తెలుసు.

శ్రావణంలో హైదరాబాద్ పోటీకి పిలుపొచ్చింది. క్లబ్బు నుంచి ఒక్క పడవే వెళ్ళాలి. ఎవరిదో ఆదివారం తేల్చుకోవాలి.

"బాపు గూడ హైదరాబాద్‌కు వస్తనన్నడు," అంది నవీన శనివారం ఫోన్‌లో. "నేసిన గుడ్డ లారీ ఎక్కుడే చూసిండు గని, దాంతోటి ఏం చేస్తరో ఎన్నడు చూడలే. నేను గెలిస్తేనే వస్తడట. సేటును సెలవు గూడ అడిగిండు."

ఆ మాట ఓంప్రకాశ్ మనసులో నాటుకుంది. మర్నాడు పోటీలో పడవ పొడుగంత ముందున్నాడు. ఇక గట్టెక్కుతాడనగా తెరచాప తాడు వదిలేశాడు. నవీన పడవ దాటి వెళ్ళిపోయింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అతనే.

నవీన తండ్రికి ఫోన్ చేసి "బాపూ, గెలిచిన!" అని ఎగిరి గంతేసింది. ఫోన్ పెట్టేశాక మెల్లగా ఓంప్రకాశ్ దగ్గరికి వచ్చింది.

"తెరచాప ఎందుకు వదిలినవ్?"

"తాడు జారింది."

"గాలి నిండుగున్నది. నీ తెరచాప దండెం మీద దుప్పటి లెక్క కొట్టుకున్నది. నేను గుడ్డిదాన్నా?"

"నువ్వు గెలవాలని..."

"గెలవాలని నాకూ ఉన్నది. గెలిపియ్యుమని నిన్ను అడిగిన్నా? బాపుకు గెలిచిన అని చెప్పిన. నాతోటి మా బాపుకు అబద్ధం చెప్పిచ్చినవ్ గదా!"

నవీన నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. అతనికి అన్నం సహించలేదు. రెండు ఫోన్లకు స్క్రీన్లు తారుమారుగా బిగించి కస్టమర్లతో తిట్లు తిన్నాడు. గురువారం ఎబినేజర్ సార్ ఇంటికి వెళ్ళి చెప్పేశాడు.

"సార్, నేను కావాలని ఓడిపోయిన. ఏదన్న శిక్ష వెయ్యుండ్రి."

సార్ అతన్ని ఎగాదిగా చూశారు. "గిసుంటిదానికి రూల్ రాయలే బిడ్డా. గింత పిచ్చోడొకడు వస్తడని ఎవరనుకున్నరు? ఆదివారం మళ్ళ పెడదాం. మీ ఇద్దరికే."

నవీన ఒప్పుకుంది. ఓంప్రకాశ్‌కు ఒకటే మెసేజ్ పెట్టింది: 'ఈసారి నిజంగ నడుపు. లేకుంటే ఇగ నాతోటి మాట్లాడకు.'

ఆదివారం సన్నగా వాన. ఓంప్రకాశ్ ఎన్నడూ నడపనట్టు నడిపాడు. మొదటి డబ్బా, రెండో డబ్బా, రెండింటి దగ్గరా అతనే ముందు. ఆఖరి డబ్బా చుడుతుంటే గాలి ఒక్కసారి విసిరింది. పడవ ఒరిగింది. తెరచాప కింది కర్ర కొస డబ్బాను ముట్టుకుని వచ్చేసింది.

ఎవరూ చూడలేదు. సార్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. నవీన చూపు తన పడవ మీదే ఉంది.

చుట్టు తిప్పితే ఓడిపోతాడు, మళ్ళీ కావాలనే ఓడాడని ఆమె అనుకుంటుంది, ఇక మాట్లాడదు. తిప్పకపోతే గెలుస్తాడు, నిజంగా నడిపాడని మెచ్చుకుంటుంది. మోసం చేస్తే మంచివాడు, నిజం ఒప్పుకుంటే దొంగ. ఇలాంటి ఇరకాటం పగవాడికి కూడా వద్దు.

"ఏందిర గిట్లాయె!" అంటూ ఓంప్రకాశ్ చుక్కాని తిప్పాడు. పడవ గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఆ సందున నవీన పడవ దాటింది. అతను పళ్ళు బిగించి తరిమాడు. అందలేదు. రెండు పడవల పొడుగు తేడాతో ఓడిపోయాడు.

తడి రాయి మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, వాన కాబట్టి సరిపోయింది.

నవీన వచ్చి ఎదురుగా నిలబడింది.

"మళ్ళీనా?"

"డబ్బాకు తగిలింది."

"ఎవరు చూసిండ్రు?"

"ఎవ్వరు చూడలే. నేను చూసిన. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు. గెలిచేటోన్ని! దగ్గరికొచ్చినంక పోయింది! గా డబ్బాను రేపొచ్చి పలగ్గొడ్త!"

నవీన అతని ముఖం వంక చాలాసేపు చూసింది. తర్వాత ఆపుకోలేక నవ్వింది.

"ఎందుకు నవ్వుతవ్?"

"పోయిన ఆదివారం ఓడిపోయి పెండ్లికొడుకు లెక్క మురుసుకుంట నిలబడ్డవ్. ఇయ్యాల మొఖం మాడ్చుకొని కూసున్నవ్. గిది యాక్టింగ్ కాదు. నీకు యాక్టింగ్ రాదు. నమ్ముతున్న."

ఓంప్రకాశ్ లేచి నిలబడ్డాడు.

"నవీనా, నువ్వంటే నాకు ప్రాణం. గందుకే ఆ రోజు గట్ల చేసిన. తప్పే."

"తెలుసు. వేరేటోడు గెలిపిస్తే నవ్వి ఊకుందును. నువ్వు గెలిపిచ్చినవనే ఏడ్సిన."

ఫోన్ తీసి, అతనికి వినబడేలా స్పీకర్ పెట్టి, తండ్రికి కలిపింది. వెనక మగ్గాల చప్పుడు.

"బాపూ, గెలిచిన. ఈసారి నిజంగనే."

"మరి అప్పుడు?"

"అప్పుడు ఒకడు నాకోసం కావాలని ఓడిపోయిండు."

అవతల ఒక మగ్గం ఆగింది.

"ఇయ్యాల?"

"ఇయ్యాల గెలువాలని మస్తు తండ్లాడిండు. డబ్బాకు తగిలిందని, ఎవ్వరు చూడకున్నా ఒప్పుకొని ఓడిపోయిండు."

కైలాసం గొంతు సవరించుకున్నాడు. "గా పిలగాన్ని గూడ హైదరాబాద్‌కు తోలుకరా. నేను జర చూడాలె."

ఓంప్రకాశ్ గబగబా తడిసిన చొక్కా సర్దుకున్నాడు, ఆయన ఫోన్‌లోంచే చూస్తున్నట్టు.