క్రీకు కింద ముప్పై ఎనిమిది మంది

"మనకి కావలసింది సొరంగం డ్రాయింగు, ఖాదర్. కూలీల గొడవ మనది కాదు."

ఫోనులో చీఫ్ మాట వినగానే ఏజెంట్ ఖాదర్ హుస్సేన్‌కి ఒళ్ళు మండిపోయింది. 2007. ఎడారి దేశపు రేవు పట్నంలో, డేరా పేట పక్కన, క్రీకు అనే సముద్రపు పాయ నీళ్ళ కింద మెట్రో సొరంగం తవ్వుతున్నారు. డ్రైవరు లేకుండా నడిచే రైలు వస్తుందట! ఒక విదేశీ ముఠా డ్రాయింగు దొంగిలించి ప్రాజెక్టులో ఎక్కడో బాంబు పెట్టింది. పేలేది మధ్యాహ్నం పన్నెండుకి.

"సొరంగంలో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు సార్."

"సైరన్ మోగితే ముఠా డ్రాయింగుతో జారుకుంటుంది. ఆగు. ఆర్డర్."

ఏసీ గదిలో కూర్చున్నవాడికి కూలివాడి ప్రాణం ఎప్పుడూ చవకే.

పదకొండూ నలభై. సేఫ్టీ ఆఫీసర్ వేషంలో ఖాదర్ సొరంగం ముఖద్వారం దగ్గరికి చేరాడు. సమీనా ఎదురొచ్చింది. స్టేషన్ల ఆర్కిటెక్టు, మూడు నెలలుగా అతని ఇన్‌ఫార్మర్. నల్లకళ్ళద్దాలు, భుజాన డ్రాయింగుల గొట్టం.

"బాంబు ఇక్కడ కాదు ఖాదర్ సాబ్. రషీదియా స్టేషన్ పైకప్పు చట్రంలో. జల్దీ వెళ్ళండి. ఈ సొరంగంలోకి నేను ఒక్కసారి కూడా దిగలేదు, ఇక్కడి సంగతి నాకేం తెలుసు?"

ఖాదర్ జీపు వైపు తిరిగాడు. దారిలో బోర్డు. లోపలికి దిగేవాళ్ళు ఇత్తడి బిళ్ళ తగిలించాలి, పైకొచ్చాక ఎవరిది వాళ్ళే తీసుకోవాలి. అలవాటుగా లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది.

"ఒకటి ఎక్కువుందే?" బోర్డు కాపలా వెంకట్రాములుని అడిగాడు. జగిత్యాల మనిషి.

"గా మేడందే సార్. పొద్దుగాల బిళ్ళ వద్దని దిగింది. లోపల మనిషుండి బిళ్ళ లేకుంటె ఎట్ల? నేనే తగిలించిన. పైకొచ్చినంక తియ్యమంటె నవ్వుకుంట పోయింది."

వెనకే వచ్చిన సమీనా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ఖాదర్ ఆ మణికట్టు మెలిపెట్టాడు. పిస్టల్ కింద పడింది.

"కూలీలేగా!" ఆమె బుసకొట్టింది. "రేపు ఇంకో ముప్పై ఎనిమిది మంది దొరుకుతారు."

పొద్దుటి నుంచి ఇలాంటి మాట వినడం ఇది రెండోసారి. ఖాదర్‌కి కళ్ళెర్రబడ్డాయి.

"వెంకట్రాములూ, సైరన్ కొట్టు! నువ్వు పద సమీనా. పన్నెండు దాకా లోపలే కూర్చుందాం."

మెట్ల మీద కూలీలు "యల్లా! యల్లా! పదండి!" అంటూ పైకి వస్తుంటే, ఖాదర్ ఆమెను కిందికి ఈడ్చుకుపోయాడు. నీళ్ళు కారుతున్న గోడ కనబడగానే సమీనా ధైర్యం జారిపోయింది.

"పంపు పక్కన! ఎర్ర సిలిండరు!"

వాచీలోని కట్టర్‌తో ఖాదర్ తీగ తెంపాడు. టైమర్‌లో ఒక్క సెకను మిగిలింది.

పావుగంటకి చీఫ్ ఫోను.

"ఆర్డర్ మీరావు. కనీసం డ్రాయింగైనా దొరికిందా?"

"దొరికింది సార్, ఆమె గొట్టంలోనే. మనవాళ్ళు ముప్పై ఎనిమిది మందీ దాన్ని కింద పరుచుకుని అన్నాలు తింటున్నారు. తిన్నాక దులిపి పంపిస్తాను."