ఐదో ముడి

చిరిగిన వలలు బాగుచేయడంలో ఆ రేవులో దేవిని మించినవాళ్ళు లేరు. అయితే నిరుటిదాకా ఆమె వేసే ముడులు నాలుగు రకాలు. ఎందుకంటే దేవి ఒక్కర్తి కాదు, నలుగురు. వదులు ముడి పాపది. ఎనిమిదేళ్ళది, ఉరుముకి ఏడ్చేది. బిగువు ముడి తాతమ్మది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని ఊరందరినీ తిట్టేది. ఎడమచేతి ముడి రాముడిది. దేవి మీద ఎవరైనా చెయ్యెత్తితే వాడే లేచేవాడు. మిగిలింది దేవిది.

ఊరు దెయ్యం పట్టిందంది. విశాఖ డాక్టరమ్మ మాత్రం, చిన్నప్పటి దెబ్బలకి మనసే నాలుగు ముక్కలైందంది. మూడేళ్ళు కూర్చోబెట్టి మాట్లాడించి నలుగురినీ ఒకటి చేసింది.

"వాళ్ళెక్కడికీ పోలేదు దేవీ, నీలోనే కలిశారు. ఇక పేరు పెట్టి పిలవకు" అని పంపింది.

ఊరు ఊపిరి పీల్చుకుంది. దేవికి మాత్రం ఇల్లు బావురుమంది. పాతికేళ్ళు తలలో సంత జరిగిన మనిషి, ఇప్పుడు ఒంటికాయ సొంటికొమ్ము. కూరలో ఉప్పు తక్కువైతే తిట్టే దిక్కు కూడా లేదు.

ఆ సాయంత్రం వదిన భారతి చేపల పులుసు తెచ్చి, వల తడిమి చూసింది.

"అన్నీ ఒకలాటి ముళ్ళేనే! బాగయిపోనావు."

"బాగయిపోనాను గానొదినా, మాటాడ్డానికే ఎవులూ లేరు."

"నాన్లేనేటే?" అని భారతి నవ్వేసి వెళ్ళింది.

వాన మొదలైంది. కరెంటు పోయింది. దేవి గడియ వేసుకుని చీకట్లోనే వల ముందేసుకుంది. ఆ పనికి కళ్ళక్కర్లేదు. రేకుల మీద వాన చప్పుడు, వలలో నీచు వాసన. ఎంతకీ గడవని పొద్దు. దుఃఖం ఆగలేదు.

"తాతమ్మా..." అంది, గుసగుసగా.

తలలో ఏదీ పలకలేదు.

చుట్ట వాసన వచ్చింది. తలుపు సందులోంచి.

"తలుపు తియ్యే. పాప వొణికిపోతన్నాది."

ఎప్పుడూ లోపలినుంచి వచ్చే గొంతు. ఇప్పుడు బయట... అరుగు మీద.

"మీరు... నాలో కలిసిపోనారు గదా?"

"కలవడమేటి? ఆ రోజే మమ్మల్ని బయటికి గెంటీసి గడియెట్టీసినావు. ముగ్గురం ఇక్కడే ఉన్నాం." ముసలి గొంతు తగ్గింది. "ఒసే... మరి నీలో కలిసినోలెవులే?"

దేవి చేతులు ముడులు వేస్తూనే ఉన్నాయి. ఆపాలనుకుంది. ఆగలేదు...

కరెంటు వచ్చింది. ఒడిలో మూరెడు కొత్త వల. వదులు ముడి కాదు. బిగువు ముడి కాదు. ఎడమచేతిది కాదు. తనదీ కాదు.

తలుపు తియ్యాలని పరుగెత్తింది. చెయ్యి గడియ మీదికి వెళ్ళింది... పై గడియ కూడా వేసేసింది. తెల్లవార్లూ బయట పాప ఏడుస్తూనే ఉంది.

పొద్దున్నే భారతి తలుపు కొట్టింది. "ఒసే దేవీ, లేసినావేటే?"

వదినా, నన్ను బయటికి లాగు అని అరవబోయింది దేవి.

"నాకెవులూ అక్కర్లేదొదినా, ఎల్లిపో" అంది ఆమె నోరు.

బయట భారతి గొణుగుడు వినబడింది.

"రాత్రంతా వాన గదా... అరుగు మీద ఈ మూడు సోట్లే పొడిగా ఉన్నాయేటి? ఒకటి మరీ సిన్నది..."